ఎక్కిన గేర్లోనే

గువ్వలచెరువులో కోవా అంగళ్ల ముందర బండి ఆపి
గ్యాసు సిలిండరు గొలుసు లాగి చూసినాను.
నీళ్ల డ్రమ్ము మూత బిగించినాను.
గోడనున్న అద్దం తీసి
బొంతల నడుమ పండబెట్టినాను.
ఖాదర్ వలి పావుకిలో కోవా కొన్నాడు.
ఆయనకు షుగరు. ఎవరికని నేనడగలేదు.

కుంటుకుంటా వచ్చి
ఎడమపక్క సీట్లో కూచున్నాడు.
"ముప్పై ఏండ్లలో ఈ ఘాటును
ఈ కిటికీలోంచి చూసింది లే" అన్నాడు.

బండి అంటాం గానీ మాకది ఇల్లు.
ఒకప్పుడు బడిపిల్లల బస్సు.
సీట్లు పీకి మంచమేసుకున్నాం,
పొయ్యి పెట్టుకున్నాం, చిలక్కొయ్య కొట్టుకున్నాం.
ఉరుసు ఉరుసుకీ, తిరునాళ్ల తిరునాళ్లకీ పోతాం.
వెనకపక్క రాయించినాం:
కుక్కర్లు, స్టవ్వులు బాగు చేయబడును.
దాని కింద పాత రాత ఇంకా కనపడతాది:
పిల్లలున్నారు జాగ్రత్త.
మాకు లేరు.
చెరపబుద్ధి కాలేదు.

బోర్డు దాటగానే నా కాలు బ్రేకు మీదికి పోయింది.
"ముందు గేరు. ఇంకా దిగకముందే.
దిగడం మొదలైనాక యెతికితే దొరకదు.
ఏ గేర్లో ఎక్కల్లనో ఆ గేర్లోనే దిగల్ల."

రెండో గేరు. క్లచ్చు వదిలినాను.
ఇంజను ఒక్కసారిగా గొంతు పెంచింది.
ముక్కుతాడు గుంజినట్ల
బండి మొగం ఎత్తి వెనక్కి నీలిగింది.
వెనక కుక్కర్లన్నీ
ఒకదాన్నొకటి తట్టుకుని మేలుకున్నాయి.

"ఏడుస్తాంది" అన్నాను.
"ఏడవనీ. అది ఏడుస్తాంటే మనకు మంచిది.
బ్రేకు తొక్కి వదులు. తొక్కి పట్టుకోవాక."

దూరంగా కింద ఎండకు మసకబారి కడప.
పక్కన కొండ. ఇంకో పక్క ఏమీ లేదు.

ఎనకాల హారను. ఎడతెగని హారను.
టమాటాల లారీ మమ్మల్ని దాటుకుని పోయింది,
దాని ఇంజను సద్దు లేదు.
టైర్లు రోడ్డును నాకే సద్దు ఒకటే.
న్యూట్రల్.
డీజిలు మిగిలించుకుంటాన్నాడు ఎవరో పిల్లోడు.
అది పోయినాక వాసన వచ్చింది,
తోలు కాలినట్ల, గోళ్లు కాలినట్ల.

ఖాదర్ వలి మాట్లాడటం మానేసినాడు.
వంగని ఆ కుడికాలు మడమతో
నేల మీది రబ్బరు షీటును అదుముతాన్నాడు.
ఆడ బ్రేకు లేదు.
లేదని ఆయనకూ తెలుసు.

నాలుగో మలుపు కాడ
కోవా పొట్లం విప్పి, ఒక ముక్క తుంచి
కిటికీలోంచి కొండ వాలు మీదికి విసిరినాడు.
"ఓబులేసుకు కోవా అంటే పానం" అన్నాడు.
ఓబులేసు ఆయన క్లీనరు.
ఆ పొద్దు బండి ఎవరి మాటా వినకపోతే
దూకద్దురా అనేలోపలే దూకినాడంట.
బండి మాత్రం కొండకు ఒరుసుకుని ఆగింది.
లీటరు మిగిలిస్తే ఓనరు
పది రూపాయలిచ్చే కాలం అది.
ఇరవై రెండేండ్ల కాపురంలో
ఆ పది రూపాయల సంగతి ఈరోజే విన్నాను.

నేను రోడ్డు మీదనుంచి కండ్లు తిప్పలేదు.
స్పీడు ముల్లు ఇరవై కాడ వణుకుతాంది.
నా చేతులు దానికంటే తక్కువే వణికినాయి.
ఇంకో మలుపు. ఇంకోటి.
ఎన్నని లెక్కపెట్టలేదు.
ఇంజను మాత్రం ఊపిరి వదలకుండా
మా ఇంటిని, మంచాన్ని, పొయ్యిని, అద్దాన్ని
నడుం పట్టుకుని దింపుతానే ఉంది.

కింద, రోడ్డు చదునైన తావున
టమాటాల లారీ నిలబడి ఉంది.
ముందు చక్రాల్లోంచి పొగ.
పిల్లోడు బిందెడు నీళ్లు పట్టుకుని
పొయ్యల్లనా వద్దా అని చూస్తాన్నాడు.
"పొయ్యొద్దురా, పగుల్తాది! ఆరనీ!"
నా మొగుడు కిటికీలోంచి అరిచినాడు.
ఓబులేసును పిలిచిన గొంతు అదేనేమో.

బండి ఆపినాను.
ఆయన దిగి, చక్రం కాడ కూలబడి
బిడ్డకు జ్వరం చూసినట్ల
అరచేతి ఎనకవైపు డ్రమ్ముకు తాకించినాడు.
"సల్లగుండాది మే" అన్నాడు.
ఇంకోసారి తాకి, ఇంకోసారి అదే మాట.

నేనూ చెయ్యి పెట్టి చూసినాను.
నా చేతికి గోరువెచ్చగానే తగిలింది.
చెప్పలేదు.
అద్దం తియ్యడానికి లోపలికి పోయినాను.